ఫైలు పేరులో శాతం గుర్తులు: కర్ల్‌కు మొదటి ప్యాచ్ పంపే ముందు

ప్రశ్న: మాది వరంగల్. హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాను. యూఆర్ఎల్ ఇస్తే కమాండు లైను నుంచి ఫైళ్ళు దించిపెట్టే కర్ల్ (curl) అనే ప్రోగ్రామును పనిలో రోజూ వాడతాను. తెలుగు పేరున్న పీడీఎఫ్ ఫైలును క్యాపిటల్ ‘ఓ’ ఆప్షన్‌తో దించుకుంటే, ఆ పేరు శాతం గుర్తులతో, అంకెలతో నిండిపోయి చదవడానికి వీల్లేకుండా సేవ్ అవుతోంది. కాలేజీలో చదివిన సి భాషను గుర్తు తెచ్చుకుని, కర్ల్ సోర్సులో యూఆర్ఎల్ నుంచి ఫైలు పేరు తీసే ఫంక్షన్‌ను వెతికి, కొన్ని లైన్లు మార్చాను. ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌లో తెలుగు పేరు చక్కగా వస్తోంది. దీన్ని పుల్ రిక్వెస్ట్‌గా, అంటే అసలు ప్రాజెక్టులో కలుపుకోమని కోరుతూ, పంపవచ్చా? నా ఇంగ్లీషు అంతంత మాత్రమే. ఉద్యోగంలో ఉంటూ ఇలా కోడ్ పంపితే ఇబ్బంది వస్తుందా? వాళ్ళు తీసుకుంటే నా పేరు ఎక్కడైనా ఉంటుందా?
— ఒక పాఠకురాలు

జవాబు: పంపవచ్చు. అయితే ఇప్పుడున్న రూపంలో పంపవద్దని నా సలహా. మీరు సరిచేశాననుకుంటున్నది కర్ల్ దృష్టిలో తప్పు కాదు, తెలిసి పెట్టుకున్న పద్ధతి. మాన్యువల్ పేజీలో క్యాపిటల్ ‘ఓ’ ఆప్షన్ కింద ఉన్న వివరణను చివరిదాకా చదవండి. యూఆర్ఎల్‌లో ఎన్‌కోడ్ అయి ఉన్న (శాతం గుర్తుల రూపంలోకి మారిన) భాగాలను ఫైలు పేరు కోసం డీకోడ్ చేయడం (తిరిగి అసలు అక్షరాలుగా మార్చడం) జరగదనీ, అవి ఉన్నవి ఉన్నట్టే పేరులోకి వస్తాయనీ అక్కడ స్పష్టంగా రాసి ఉంది. మాన్యువల్‌లో రాసిపెట్టిన ప్రవర్తనను ‘బగ్ సరిచేశాను’ అనే శీర్షికతో మార్చి పంపితే, పంపినవారు మాన్యువల్ చదవలేదన్న అభిప్రాయమే చూసేవారికి మొదట కలుగుతుంది. ఆ తరువాత కోడ్ ఎంత బాగున్నా ఆ అభిప్రాయాన్ని చెరపడానికి చాలా శ్రమపడాలి.

ఆ పద్ధతిని కర్ల్ నిర్వాహకులు ఎందుకు మార్చరో కూడా చెప్పాలి. స్వీడన్‌కు చెందిన డానియెల్ స్టెన్‌బర్గ్, చాట్‌లో నడిచే తన బాట్‌కు కరెన్సీ మారకపు రేట్లు తెప్పించుకోవడానికి, అప్పటికే మరొకరు రాసి ఉన్న ఒక చిన్న ప్రోగ్రామును అందుకుని పెంచుకుంటూ పోగా అది 1998 మార్చి 20న కర్ల్ అనే పేరుతో విడుదలైంది. అప్పటినుంచి ప్రపంచమంతటా కర్ల్‌ను నమ్ముకుని రాసిన షెల్ స్క్రిప్టులకు లెక్క లేదు. ఒక స్క్రిప్టు మొదటి లైనులో ఫైలును దించుకుని, రెండో లైనులో శాతం గుర్తులతో కూడిన అదే పేరుతో ఆ ఫైలును వెతికి తెరుస్తూ ఉండవచ్చు. మీ మార్పు డిఫాల్టుగా అమల్లోకి వస్తే, కర్ల్‌ను అప్‌డేట్ చేసుకున్న రోజున ఆ స్క్రిప్టు ఆగిపోతుంది, దాన్ని రాసిన మనిషి ఆ సంస్థను వదిలిపెట్టి ఏళ్ళు గడిచి ఉంటాయి. కర్ల్‌లో ఏ మార్పునైనా చూసేవారు ముందుగా వేసుకునే ప్రశ్న, దీనివల్ల ఈ రోజు పనిచేస్తున్నది ఏదైనా రేపు పనిచేయకుండా పోతుందా అన్నదే. మీరు కూడా ప్యాచ్ పంపే ముందు ఆ ప్రశ్ననే వేసుకోవాలి.

దీనికంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. మీ మార్పులో డీకోడ్ చేయడం, పేరును విడదీయడం ఏ వరుసలో జరుగుతున్నాయో ఒకసారి చూసుకోండి. యూఆర్ఎల్‌లో చివరి స్లాష్ తరువాత ఉన్న ముక్కను కర్ల్ ఫైలు పేరుగా తీసుకుంటుంది. ఆ ముక్కలో స్లాష్ కూడా ఎన్‌కోడ్ అయి దాగి ఉండవచ్చు. పేరు విడదీసిన తరువాత దాన్ని డీకోడ్ చేస్తే, ఆ దాగిన స్లాష్ బయటపడి, పై ఫోల్డరును సూచించే రెండు చుక్కలతో (..) కలిసి, ఫైలును మీరున్న ఫోల్డరులో కాక మరెక్కడో రాయించగలదు. సర్వర్ నడిపేవాడు దుర్బుద్ధి గలవాడైతే మీ హోమ్ ఫోల్డరులోని సెట్టింగుల ఫైలు మీద కూడా అది పడవచ్చు. ఇది ఊహించి చెబుతున్నది కాదు. కర్ల్‌తో కలిపి ఇప్పుడు విడుదలవుతున్న డబ్ల్యూకర్ల్ అనే చిన్న స్క్రిప్టు, మీరు కోరుకున్నట్టే పేరును డీకోడ్ చేసి సేవ్ చేస్తుంది. అందులో సరిగ్గా ఈ ఎన్‌కోడ్ అయిన స్లాష్ వల్లనే భద్రతా లోపం ఉందని 2025లో ప్రకటించి, సరిదిద్దారు. అనుభవజ్ఞులు రాసిన చోటనే జరిగిన పొరపాటు మీ కోడ్‌లో లేదని మీరు చూపించగలగాలి.

విండోస్ సంగతి కూడా ఉంది. మీ ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఉందనుకుంటున్నాను. అక్కడ ఫైలు పేరంటే బైట్ల వరుస మాత్రమే కాబట్టి, డీకోడ్ చేసిన బైట్లు తెలుగుగా కనిపిస్తాయి. విండోస్‌లో పాత పద్ధతి కోడ్ పేజీల్లో (ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పట్టికల్లో) తెలుగుకు చోటే లేదు. యూనికోడ్ పేర్లతో పనిచేసేలా బిల్డ్ చేయని కర్ల్ అక్కడ అవే బైట్లను ఫైలు పేరుగా ఇస్తే, శాతం గుర్తుల స్థానంలో అర్థం లేని గుర్తులు వస్తాయి. శాతం గుర్తులున్న పేరును కనీసం వెనక్కి తిప్పి చదువుకోవచ్చు, దీన్ని అది కూడా చేయలేం.

ఇంత చెప్పినా, మీ ఇబ్బంది నిజమైనదేనని, దాన్ని వాళ్ళ దృష్టికి తీసుకువెళ్ళడం అవసరమని నా అభిప్రాయం. అయితే ‘పేరు చదవడానికి బాగాలేదు’ అన్న మాట వాళ్ళను కదిలించదు. ‘ఫైలు సేవ్ కావడం లేదు’ అన్న మాట కదిలిస్తుంది. యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు కోడ్ పాయింటుకు (యూనికోడ్ విడిగా లెక్కించే ఒక్కో గుర్తుకు) 3 బైట్లు పడతాయి, శాతం రూపంలో ఒక్కో బైటుకు 3 గుర్తులు అవుతాయి, అంటే ఒక్కో కోడ్ పాయింటుకు 9 గుర్తులు. ‘ఆంధ్రప్రదేశ్’ అన్న మాట కంటికి అయిదు అక్షరాలే అయినా, ఒత్తులు, గుణింతాలు, సున్నా విడివిడిగా లెక్కకు వచ్చి 12 కోడ్ పాయింట్లు, 36 బైట్లు అవుతుంది. శాతం రూపంలో అది 108 గుర్తులు. లినక్స్‌లో సాధారణంగా వాడే ఫైల్‌సిస్టమ్‌లలో ఒక ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. కాబట్టి పీడీఎఫ్ అనే తోకతో కలిపి, 28 కోడ్ పాయింట్ల తెలుగు పేరుకే ఆ హద్దు దాటిపోతుంది. అదే పేరు డీకోడ్ అయి ఉంటే 88 బైట్లే. మామూలు తెలుగు పుస్తకం పేరు, రచయిత పేరు కలిపితే 28 దాటడం ఎంతసేపు? అటువంటి యూఆర్ఎల్ ఇచ్చి చూడండి: పేరు మరీ పొడవైపోయి ఫైలును తెరవలేకపోయానని చెప్పి కర్ల్ 23వ నంబరు ఎర్రర్‌తో ఆగిపోతుంది. ఇది హిందీకీ, తమిళానికీ, థాయ్‌కీ కూడా వర్తించే లెక్క. చర్చకు పెట్టవలసిన విషయం ఇదీ. ఇంగ్లీషు పేర్లతో పనిచేసేవారికి ఈ హద్దు ఎదురు కావడం అరుదు కాబట్టి, ఈ మాట చెప్పగలిగే స్థానంలో ఉన్నది మీవంటివారే.

అందువల్ల మొదట కోడ్ పంపకుండా, కర్ల్ కోడ్ ఉండే గిట్‌హబ్ సైటులో దాని పేజీకి వెళ్ళి పాత ఇష్యూలను (సమస్యల నమోదులను), చర్చలను ఓపికగా వెతకండి. 1998 నుంచి నడుస్తున్న ప్రాజెక్టులో ఈ ప్రశ్న మీకంటే ముందు ఎవరికీ రాకుండా ఉండదు. ఎందుకు ఒప్పుకోలేదో అక్కడ దొరికితే మీ వాదనను దానికి తగ్గట్టు దిద్దుకోవచ్చు. ఆ తరువాత చర్చగా రాయండి: వాడిన కమాండు, కర్ల్ వెర్షన్, వచ్చిన ఎర్రరు, పై లెక్క, చివర ‘దీనికి ఆప్షన్ రూపంలో పరిష్కారం పంపితే పరిశీలిస్తారా’ అన్న ఒక్క ప్రశ్న. కొత్త ఆప్షన్‌కు వాళ్ళు తేలికగా ఒప్పుకోరని మాత్రం ముందే తెలుసుకోండి. కర్ల్‌కు ఇప్పటికే 250కి పైగా ఆప్షన్లు ఉన్నాయి. ఒకసారి చేర్చినదాన్ని తీసివేయడం అరుదు కాబట్టి, మీరు రాసి వదిలేసినదాన్ని వాళ్ళు ఏళ్ళ తరబడి మోయాలి. ‘డబ్ల్యూకర్ల్ ఉంది కదా, అది వాడండి’ అని జవాబు వస్తే అది తిరస్కారం అనుకోకండి. మీ రోజువారీ అవసరానికి అదే సరైన పరిష్కారం కావచ్చు, లేదా చిన్న ‘ఓ’ ఆప్షన్‌తో మీకు నచ్చిన పేరు మీరే ఇచ్చుకోవచ్చు.

ఈ చర్చ సాగుతున్నంత కాలం చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. మీది టెస్టింగ్ వృత్తి అన్నారు. కర్ల్‌లో కొత్తవారు అడుగుపెట్టడానికి నాకు తెలిసినంతలో అన్నిటికంటే మంచి ద్వారం టెస్టులే, కోడ్ కాదు. టెస్టుల ఫోల్డరు లోపల డేటా అనే ఫోల్డరులో ఒక్కో టెస్టుకు ఒక్కో ఫైలు, నంబరుతో ఉంటుంది. ఒక ఫైలును తెరిచి చూస్తే ఎక్స్‌ఎంఎల్‌ను పోలిన నాలుగు ముఖ్య భాగాలు కనిపిస్తాయి. మొదటిదానిలో ఆ టెస్టు దేనికి సంబంధించినదో చెప్పే కీవర్డులు ఉంటాయి. రెండవదానిలో నకిలీ సర్వర్ ఇవ్వవలసిన జవాబు, హెడర్లతో సహా, అక్షరం పొల్లుపోకుండా ఉంటుంది. మూడవదానిలో ఏ సర్వర్ నడవాలి, కర్ల్‌ను ఏ కమాండుతో పిలవాలి అన్నవి ఉంటాయి. చివరిదానిలో కర్ల్ సర్వర్‌కు ఏమి పంపి ఉండాలి, ఏ ఫైలులో ఏమి రాసి ఉండాలి అన్నది ఉంటుంది. సర్వర్ చిరునామా, పోర్టు, టెస్టు నంబరు వంటివి మనం చేత్తో రాయకుండా, శాతం గుర్తుతో మొదలయ్యే పేర్లు పెడితే నడిపేటప్పుడు వాటి స్థానంలో అసలు విలువలు వచ్చి చేరతాయి.

మీ విషయానికి వస్తే, తెలుగు పేరు ఎన్‌కోడ్ అయి ఉన్న ఒక యూఆర్ఎల్‌ను క్యాపిటల్ ‘ఓ’ ఆప్షన్‌తో అడిగి, వచ్చిన ఫైలు లాగ్ ఫోల్డరులో శాతం గుర్తుల పేరుతోనే ఉందని సరిచూసే టెస్టు రాయవచ్చు. మాన్యువల్ ఇచ్చిన మాటను కాపాడే టెస్టు ఇది. అటువంటిది ఇప్పటికే ఉందేమో ముందు వెతకండి, లేకపోతేనే రాయండి. మామూలుగా టెస్టు కమాండుకు ఔట్‌పుట్ ఫైలు ఆప్షన్‌ను ఆ వ్యవస్థే తగిలిస్తుంది కాబట్టి, ఈ టెస్టులో దాన్ని వద్దని చెప్పి, ఔట్‌పుట్ ఫోల్డరును మాత్రం మీరే ఇవ్వాలి. పక్కనున్న పాత టెస్టులను చూస్తే ఈ కిటుకు తెలుస్తుంది. కొత్త ఫైలు పేరును అదే ఫోల్డరులోని మేక్‌ఫైలు జాబితాలో చేర్చడం మరువకండి. కొత్తవారు ఎక్కువగా మరిచిపోయేది అదే. రేపు మీ ఆప్షన్‌కు వాళ్ళు ఒప్పుకుంటే, ఇదే టెస్టును నకలు తీసి, ఎన్‌కోడ్ అయిన స్లాష్ ఒకటి, సున్నా బైటు ఒకటి, తప్పుగా ఎన్‌కోడ్ అయిన అక్షరం ఒకటి పెట్టి మరిన్ని రాయవచ్చు. సి కోడ్ కంటే ఆ టెస్టులే మీ తరఫున గట్టిగా మాట్లాడతాయి.

బిల్డ్ చేసేటప్పుడు కాన్ఫిగర్ స్క్రిప్టుకు డీబగ్ ఆప్షన్ తప్పక ఇవ్వండి. అది ఉంటేనే టెస్టులు నడిచేటప్పుడు మెమరీ లీకులు బయటపడతాయి. లిబ్‌పీఎస్ఎల్ అనే లైబ్రరీ లేదని స్క్రిప్టు ఆగిపోతే కంగారుపడకండి. దాని డెవలప్‌మెంట్ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసుకోండి, లేదా అది లేకుండానే బిల్డ్ చేయమని చెప్పండి. ఆ తరువాత టెస్టులు నడిపే పెర్ల్ స్క్రిప్టుకు మీ నంబరు ఒక్కటి ఇస్తే ఆ టెస్టు మాత్రమే నడుస్తుంది. టార్చర్ అని పిలిచే మరొక పద్ధతి కూడా ఉంది. టెస్టు నడుస్తూ మెమరీ కోరే ప్రతి చోటా, ఒక్కొక్కటిగా, మెమరీ దొరకలేదని అబద్ధం చెప్పి, అప్పుడు కర్ల్ కూలిపోతుందా, మర్యాదగా ఎర్రర్ ఇచ్చి తప్పుకుంటుందా అని అది చూస్తుంది. మీరు మార్చిన కొద్ది లైన్లలో డీకోడ్ చేసిన పేరుకు కొత్తగా మెమరీ తీసుకుని ఉంటారు. పాత పేరును విడుదల చేశారా, విఫలమైతే ఏం జరుగుతుంది అన్నవి ఇక్కడ తేలిపోతాయి.

కోడ్ శైలి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. సి భాష 1989 నాటి ప్రమాణమైన సి89కు లోబడి రాయాలి, డబుల్ స్లాష్ కామెంట్లు పనికిరావు, లైను 79 గుర్తులు దాటకూడదు, ఇండెంటు రెండు స్పేసులు. ఇవన్నీ చెక్‌సోర్స్ అనే స్క్రిప్టే పట్టి చూపిస్తుంది. కొత్త ఆప్షన్ అయితే డాక్యుమెంటేషన్ ఫోల్డరులో దానికంటూ ఒక ఫైలు ఉండాలి: పొడవు పేరు, ఒక్క లైను సహాయం, వర్గం, ఏ వెర్షన్‌లో చేరింది, ఒక ఉదాహరణ. మాన్యువల్ పేజీ ఆ ఫైళ్ళనుంచే తయారవుతుంది కాబట్టి మాన్యువల్‌ను నేరుగా మార్చడానికి ప్రయత్నించకండి.

ఇంగ్లీషు గురించి మీరు పడుతున్న దిగులు అనవసరం. కర్ల్‌కు కోడ్ పంపేవారిలో చాలామందికి ఇంగ్లీషు మాతృభాష కాదు, స్టెన్‌బర్గ్‌కూ కాదు. కమిట్ సందేశంలో (గిట్‌లో నమోదు చేసే ఒక్కో మార్పుకు జతచేసే వివరణలో) మొదటి లైను ఏ భాగంలో మార్పు అన్నది చెప్పి, కోలన్ పెట్టి, ఏమి మారుతుందో క్లుప్తంగా చెబితే చాలు. ఒక లైను వదిలి, ఎందుకు మార్చవలసి వచ్చిందో రెండు మూడు చిన్న వాక్యాల్లో రాయండి. సంబంధించిన ఇష్యూ నంబరు చివర ఉండాలి. పొడవైన క్షమాపణలు, ‘గౌరవనీయులైన సర్’ తరహా సంబోధనలు అక్కడ ఎవరూ ఆశించరు. కృత్రిమ మేధతో మీ వాక్యాలు దిద్దించుకుంటే తప్పులేదు గాని, చర్చలో వాళ్ళడిగిన సాంకేతిక ప్రశ్నలకు దానిచేత జవాబులు రాయించి అతికించకండి. లేని లోపాలను ఉన్నట్టు వర్ణించే యంత్రపు నివేదికలతో కర్ల్ నిర్వాహకులు ఇటీవలి కాలంలో విసిగిపోయి ఉన్నారు, స్టెన్‌బర్గ్ ఆ మాట బహిరంగంగానే చాలాసార్లు చెప్పారు. అలాగే, రెజ్యూమె కోసం రీడ్‌మీ ఫైలులో కామా మార్చి పంపమని కాలేజీ పిల్లలకు కొందరు ఇచ్చే సలహా మీదాకా వచ్చి ఉంటే దాన్ని పక్కన పెట్టండి. 2020 అక్టోబరులో, పుల్ రిక్వెస్టులు పంపినవారికి బహుమతులిచ్చే హ్యాక్‌టోబర్‌ఫెస్ట్ కార్యక్రమపు టీషర్టుల కోసం అటువంటివి వెల్లువెత్తడంతో, ప్రాజెక్టు ఒప్పుకుంటేనే లెక్కలోకి తీసుకునేలా ఆ కార్యక్రమ నిర్వాహకులు నడిమధ్యలో నియమాన్ని మార్చుకోవలసి వచ్చింది.

పుల్ రిక్వెస్ట్ తెరిచిన వెంటనే వందకు పైగా ఆటోమేటిక్ బిల్డులు, టెస్టులు నడుస్తాయి. మొదటిసారి పంపేవారికి మాత్రం నిర్వాహకులు అనుమతించేదాకా అవి కదలవు. ఏదైనా ఎర్రగా కనిపిస్తే, లాగ్ తెరిచి అది మీ మార్పుకు సంబంధించినదో కాదో చూడండి. నెట్‌వర్క్ ఆలస్యాల వల్ల విఫలమయ్యేవి అప్పుడప్పుడూ ఉంటాయి. సూచనలు వస్తే అదే బ్రాంచిలో దిద్ది మళ్ళీ పంపండి, కొత్త పుల్ రిక్వెస్ట్ తెరవకండి. వారం పది రోజులు ఉలుకూ పలుకూ లేకపోతే మర్యాదగా ఒకసారి గుర్తుచేయడంలో తప్పులేదు. కర్ల్ సాధారణంగా 8 వారాలకు ఒకసారి విడుదలవుతుంది. ఆ మధ్యకాలంలో ఒక భాగంలో మాత్రమే కొత్త సదుపాయాలు తీసుకుంటారు, మిగిలిన రోజుల్లో దిద్దుబాట్లే. మీ ఆప్షన్ ఆ గడువు దాటాక చేరితే తరువాతి వంతు దాకా ఆగుతుంది, దానిలో మీ తప్పేమీ ఉండదు. ఇంకొక సంగతి ముందే చెప్పకపోతే మీరు నొచ్చుకుంటారు: కర్ల్‌లో నిర్వాహకులు ఆమోదించిన కమిట్‌ను తామే తీసుకుని ప్రధాన బ్రాంచిలోకి పుష్ చేస్తారు కాబట్టి, గిట్‌హబ్ మీ పుల్ రిక్వెస్ట్‌ను ‘మెర్జ్ అయింది’ అని ఊదా రంగులో కాక, ‘మూసివేశారు’ అని ఎర్రరంగులో చూపవచ్చు. తిరస్కరించారని బాధపడేముందు ప్రధాన బ్రాంచి లాగ్‌లో మీ కమిట్ ఉందేమో చూడండి.

ఉద్యోగం విషయంలో ఊహాగానాలు వద్దు. చేరిన రోజు సంతకం పెట్టిన నియామక ఒప్పందాన్ని బయటకు తీసి, మీరు రాసే కోడ్ హక్కులు ఎవరివని అందులో ఉందో చదవండి. చాలా ఒప్పందాల్లో ఆఫీసు వేళల్లో, ఆఫీసు యంత్రం మీద రాసినదంతా సంస్థదేనని ఉంటుంది. కొన్నింటిలో ఇంటి దగ్గర రాసినదాన్ని కూడా కలిపేస్తారు. కర్ల్ విడిగా ఏ హక్కుల పత్రం మీదా సంతకం అడగదు, కాని మీరు పంపే కోడ్‌ను కర్ల్ లైసెన్సు కింద ఇచ్చే హక్కు మీకు ఉండాలి. అనుమానం ఉంటే మేనేజర్‌కు నోటిమాటగా కాక ఈమెయిల్‌గా రాసి, జవాబు కూడా ఈమెయిల్‌గానే తీసుకోండి. ప్రాజెక్టు పేరు, లైసెన్సు, అది మీ సంస్థ ఉత్పత్తులకు పోటీ కాదన్న మాట అందులో ఉంటే సరిపోతుంది. జవాబు వచ్చేదాకా మీ సొంత ల్యాప్‌టాప్ మీద, సెలవు వేళల్లోనే పనిచేయండి, ఆఫీసు ఈమెయిల్ చిరునామాను గిట్ సెట్టింగుల్లో ఉంచకండి.

పేరు ఉంటుంది. కమిట్‌లో రచయితగా మీరే ఉంటారు. ఆ విడుదల గమనికల్లో సహకరించినవారి జాబితాలోకి, అక్కడి నుంచి మూడు వేలకు పైగా పేర్లున్న థ్యాంక్స్ అనే ఫైలులోకి చేరుతుంది. గిట్‌లో మీరు సెట్ చేసుకున్న పేరునే వాళ్ళు తీసుకుంటారు కాబట్టి, మొదటి కమిట్ చేసే ముందే ఆ సెట్టింగు చూసుకోండి. కాలేజీ రోజుల్లో సరదాగా పెట్టుకున్న ముద్దుపేరు ఇంకా అక్కడ ఉంటే, ప్రధాన బ్రాంచిలో చేరిన కమిట్‌లో దాన్ని మార్చడం ఇక కుదరదు.